ప్రామాణిక పళ్లెం

పిల్లలు తినే అన్నం రుచిగా ఉందా లేదా అన్నది పాతకాలపు ప్రశ్న. మా శాఖ దాన్ని దాటి చాలా దూరం వెళ్లిపోయింది. అన్నం ఫోటోలో ఎలా పడుతోంది అన్నదే ఇప్పటి ప్రశ్న. అందుకని ‘భోజన నేత్రం’ అనే యాప్ ఒకటి తయారుచేయించి, ప్రతి బడిలోనూ మధ్యాహ్నం గంట కొట్టకముందే ఆనాటి భోజనం ఒక పళ్లెంలో వడ్డించి ఫోటో తీసి పెట్టాలని ఆదేశించారు. యాప్ ఫోటో చూసి నూటికి మార్కులు వేస్తుంది. మార్కులు తగ్గుతూ వస్తే వంటమనిషిని మారుస్తారు. యాప్‌ని మాత్రం మార్చరు.

నేను తోటపెంట ప్రాథమికోన్నత పాఠశాల హెడ్మాస్టర్ని. మా వంటమనిషి పేరు ఎర్రయ్యమ్మ. మొగుడు పోయాక ఈ బడి పొయ్యిని నమ్ముకునే బతుకు ఈడ్చుకొస్తోంది. ఆవిడ సాంబారుకి పోపు పెట్టిందంటే మూడో తరగతి గదిలో ఎక్కాలు ఆగిపోతాయి. పక్క ఊరి పిల్లలు కొందరు ఆ వాసన పట్టుకునే మా బడిలో చేరారని నా అనుమానం. అలాంటి సాంబారుకి యాప్ తొలిరోజున పదకొండు మార్కులు వేసి, పక్కన ‘గుర్తింపు: తడి గోడ’ అని రాసింది.

కారణం ఆవిరి. పొగలు కక్కే అన్నం మీద కెమెరా పెడితే ఫోటో మసకబారిపోతోంది. చల్లారాక తీద్దామంటే సాంబారు మీద మీగడలాంటి తొరక కడుతోంది. దానికి తోడు మా ఊళ్లో సిగ్నల్ దొరికేది బడి డాబా మీద మాత్రమే. నేను ఒక చేత్తో పళ్లెం, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని నిచ్చెన ఎక్కడం, ఎక్కేసరికి కాకి వచ్చి గుడ్డు ఎత్తుకుపోవడం రివాజైపోయింది. ‘గుడ్డు: లేదు. వంటమనిషిపై తగు చర్య నిమిత్తం సిఫారసు చేయడమైనది’ అని యాప్ రాసింది. కాకి మీద చర్యకు దాంట్లో మీట లేదు.

“నా గుడ్డు కాకి తినేస్తే నా కూడు తీసెత్తారేటి బాబూ?” అంది ఎర్రయ్యమ్మ. “పిల్లలు తిని బాగుందంటన్నారు కదా. ఆలని అడగమనండి.”

“పిల్లల్ని అడగడానికి నిబంధన లేదు ఎర్రయ్యమ్మా,” అన్నాను.

అప్పుడు నోరు విప్పింది హైమావతి టీచర్. ఆవిడ మాకు సోషల్ చెబుతుంది. తీరిక దొరికితే పాలిమర్ క్లేతో నగలూ బొమ్మలూ చేసుకోవడం ఆవిడ సరదా. పేరుకు క్లే గానీ అది మట్టి కాదు, ఒకరకం మెత్తటి ప్లాస్టిక్ ముద్ద. చేత్తో బాగా పిసికి, కావలసిన రూపం ఇచ్చి, చిన్న ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడుతుంది. సన్నజాజి మొగ్గల జుంకాలు, గుత్తొంకాయ లాకెట్టు, బొటనవేలంత ముసలమ్మ ఒళ్లో చేట పెట్టుకుని చింతపిక్కలు ఏరుతున్న బొమ్మ, ఇలాంటివి చేసి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పంచిపెట్టేది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆవిడ మొహంలో పిల్లకి పాలిచ్చే తల్లి నెమ్మది కనిపించేది.

“గుడ్డు నేను చేసిపెడతాను మాస్టారూ,” అంది. “కాకి ఎత్తుకుపోతే దాని ముక్కే నొప్పెడుతుంది.”

మొదట గుడ్డు ఒక్కటే అనుకున్నాం. క్లే గుడ్డు పక్కన అసలు అన్నం వెలవెలబోయింది. దాంతో ఆవిడ ఆదివారాలు కూర్చుని మొత్తం పళ్లెం చేసింది. మెతుకులు ఒక్కొక్కటిగా వేళ్ల మధ్య నలిచింది. పచ్చసొన గరుకుదనం కోసం పాత టూత్‌బ్రష్‌తో అద్దింది. పాస్టెల్ సుద్ద బ్లేడుతో గీకి, ఆ పొడితో చిక్కీ అంచులకి మాడిన రంగు తెచ్చింది. సాంబారులో మునక్కాడకి ఈనెలు కూడా గీసింది. నేను ఫోటో తీసి పెట్టాను. నూటికి నూరు! ‘గుర్తింపు: సాంబారన్నం, గుడ్డు, చిక్కీ. అత్యుత్తమం.’

ఎర్రయ్యమ్మ ఉద్యోగం నిలబడింది. అసలు అన్నం ఆవిరి చల్లారకుండా నేరుగా పిల్లల పళ్లేల్లోకి వెళ్లింది. కథ అక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేది! కానీ రోజూ నూటికి నూరు వచ్చేవాళ్లని మా శాఖ ఊరికే వదిలిపెట్టదు, వచ్చి సన్మానిస్తుంది.

సన్మానానికి వచ్చినవారు జిల్లా భోజన నాణ్యతా పరిశీలనాధికారి పరాంకుశం గారు. ఆయన మామూలు మాట కూడా ఫైలు మీద నోట్ రాసినట్టే మాట్లాడతారు. నాకు శాలువా కప్పి, “సదరు పాఠశాల యందలి పళ్లెము జిల్లాకే తలమానికముగా ఉన్నదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. సదరు పళ్లెమును ప్రత్యక్షముగా పరిశీలించ దలచితిమి,” అన్నారు. పరిశీలించారు. గుడ్డు మీద వేలితో నొక్కారు. మళ్లీ నొక్కారు. గోటితో గీకారు.

ఇక దాచి లాభం లేదని జరిగినదంతా చెప్పేశాను. హైమావతి టీచర్ కొంగు నలుపుకుంటూ నిలబడింది. ఎర్రయ్యమ్మ వంటగది గుమ్మం పట్టుకుంది. ముగ్గురి ఉద్యోగాలూ ఊడిపోయాయనే అనుకున్నాను.

పరాంకుశం గారు సంచిలోంచి ఉత్తర్వు తీసి, కళ్లజోడు పెట్టుకుని, మొదటినుంచి చివరిదాకా చదివారు. తరవాత తలెత్తి, “హెడ్మాస్టరు గారూ, ఇందు పళ్లెము యొక్క రంగును గూర్చి ఉన్నది. అమరికను గూర్చి ఉన్నది. శుభ్రతను గూర్చి ఉన్నది. సదరు పళ్లెములోని పదార్థము తినుటకు వీలుగా ఉండవలెనని ఎచ్చటను లేదు,” అన్నారు.

“అంటే తప్పు కాదంటారా?”

“తప్పు కాకపోవుటయే కాదు. ఇది ఆదర్శము.”

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. తోటపెంట పళ్లేన్ని ‘ప్రామాణిక పళ్లెం’గా ప్రకటించారు. జిల్లాలో ప్రతి బడికీ అలాంటిది ఒకటి ఉండాలి. హైమావతి టీచర్‌ని డెప్యుటేషన్ మీద జిల్లా కేంద్రానికి రప్పించి, ‘క్లే విభాగం సమన్వయకర్త’ అన్నారు. ఆవిడ సరదా ఇక ప్రభుత్వ విధి. ముద్ద పిసకడానికి ముందు వేలిముద్ర, పిసికాక వేలిముద్ర. క్లేతో నున్నబడిన బొటనవేలిని యంత్రం గుర్తుపట్టక ఆవిడకు నెలలో సగం రోజులు గైర్హాజరు పడింది. గుడ్లకు లక్ష్యం, మునక్కాడలకు లక్ష్యం. జిల్లాలోని సోషల్ టీచర్లందరికీ శిక్షణ. వాళ్లు కూర్చుని మెతుకులు నలుస్తుంటే క్లాసుల్లో పిల్లలు ఖాళీగా కూర్చున్నారు. దాన్ని ‘స్వయం అధ్యయనం’ అన్నారు.

ఆవిడ ఒకసారి మా బడికి వచ్చినప్పుడు చూశాను. చెవులకి ఏమీ లేవు. సన్నజాజి జుంకాలేవని అడిగాను.

“క్లే ముట్టుకుంటే వాంతి వస్తోంది మాస్టారూ,” అంది. “నాకు ఉన్న సరదా అదొక్కటే. దాన్ని కూడా పట్టుకుపోయారు.”

ఎర్రయ్యమ్మ పొయ్యి నిలబెట్టబోయి ఈవిడ పొయ్యి ఆర్పాం. కనీసం ఆ పొయ్యైనా నిలిచిందా అంటే, అదీ చెబుతాను.

ప్రామాణిక పళ్లెం అన్నాక, దానితో పోల్చి చూడాలి కదా. పరాంకుశం గారు మళ్లీ వచ్చారు. ఎడమవైపు క్లే పళ్లెం, కుడివైపు ఎర్రయ్యమ్మ వడ్డించిన పళ్లెం పెట్టించి, వంగి చూశారు.

“ఏమమ్మా, ప్రమాణము నందు మెతుకు మెతుకునకు ఎడము ఉన్నది. నీ అన్నము నందు మెతుకులు ఒకదానినొకటి అంటిపెట్టుకొని ఉన్నవి. ఏల?”

“అన్నం బాబూ అది. ఉడికితే అంటుకుంటాది.”

“ప్రమాణము అంటుకొనలేదే?”

“అది ఉడకనేదు కదా బాబూ!”

“సమాధానము అసంతృప్తికరము,” అని రాసుకున్నారు. సాంబారు రంగు నిన్న ఒకలాగ, ఇవాళ ఒకలాగ ఉందన్నారు. మునక్కాడ ముక్క ప్రమాణంలో ఉత్తరం దిక్కుగా ఉంటే ఇక్కడ ఆగ్నేయానికి తిరిగిందన్నారు. ఎర్రయ్యమ్మ మర్నాటినుంచి గరిటె తిరగేసి మునక్కాడలు సర్దడం మొదలుపెట్టింది. అందరికీ సర్దేసరికి చివర కూర్చున్న పిల్లల అన్నం చల్లారిపోయేది.

ఆ తరవాత ఆడిట్ వారికి అసలు సందేహం వచ్చింది. ఈ బడిలో రోజూ నూటికి నూరు మార్కుల భోజనం ఒకటి ఉన్నట్టు యాప్‌లో నమోదవుతోంది. అది చెడిపోదు, తరగదు, దానికి గ్యాసు అక్కర్లేదు. మరి దానికి అదనంగా ఇంకో భోజనం, అదీ ప్రమాణానికి తక్కువైనది, ఎందుకు వండుతున్నట్టు? ఒకే పూటకి రెండు భోజనాలు దుబారా కాదా? పరాంకుశం గారు ఈ ప్రశ్న చదివి మురిసిపోయారు. ప్రమాణానికి తక్కువైన భోజనాన్ని తక్షణం నిలిపివేయాలని ఉత్తర్వు వచ్చింది.

ఎర్రయ్యమ్మని మాత్రం తీసేయలేదు. ప్రభుత్వానికి మానవత్వం ఉంది. ఆవిడని ‘పళ్లెం సంరక్షకురాలు’గా నియమించారు. మధ్యాహ్నం గంట కొట్టగానే అద్దాల పెట్టెలోంచి పళ్లెం తీసి, దుమ్ము తుడిచి, పిల్లల వరస ముందు పెట్టి, ఫోటో అయ్యాక మళ్లీ పెట్టెలో పెట్టాలి. జీతం అదే.

“ఇదేటి బతుకు బాబూ,” అంది తొలిరోజు పళ్లెం తుడుస్తూ. “నానేటి బొమ్మలకి కాపలా కాసీ మనిషినా? ఆ పిల్లల మొకాలు సూడనేకపోతన్నాను.”

పిల్లలకి కూడా తర్ఫీదు ఇచ్చారు. వరసగా కూర్చుని, చేతులు కడుక్కుని, పళ్లెం వంక చూడాలి. యాప్‌లో ‘భోజనం చేసినట్లు నమోదైనది’ అని వచ్చాక లేచి మళ్లీ చేతులు కడుక్కోవాలి. వాళ్లు తిన్నగా కుళాయి దగ్గరికి వెళ్లి, పొట్ట నిండేదాకా నీళ్లు తాగేవారు. మధ్యాహ్నం నా లెక్కల క్లాసులో ఎవరూ అల్లరి చేసేవారు కాదు. పరాంకుశం గారు దాన్ని క్రమశిక్షణలో మెరుగుదల అని రాశారు. నేను బోర్డు వైపు తిరిగి లెక్క రాస్తూ ఉండిపోయేవాణ్ని. వాళ్ల మొహాలు చూసే ధైర్యం నాకూ లేకపోయింది.

ఇంతలో ఒక విచిత్రం. వంట ఆపమన్నది మా శాఖ. బియ్యం పంపేది వేరే శాఖ. ఆ శాఖకి ఆపమని ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. బస్తాలు నెలనెలా ఠంచనుగా వచ్చి స్టోరు గదిలో పడుతూనే ఉన్నాయి. వాటిని విప్పడానికి మాకు అనుమతి లేదు. తిప్పి పంపడానికీ లేదు. అన్నం లేని బడిలో బియ్యం బస్తాలు కప్పు తాకుతున్నాయి.

అలా ఉండగా రాజధానినుంచి పెద్ద అధికారి ఒకాయన మా బడికి వస్తున్నారని కబురొచ్చింది. రాష్ట్రమంతటా ఈ పళ్లేన్ని అమలు చేసే ముందు పిల్లలతో సహపంక్తి భోజనం చేస్తారట. పరాంకుశం గారు ముందు రోజే వచ్చి, పిల్లల చేత తినడం సాధన చేయించారు. చెయ్యి పళ్లెం దగ్గరికి వెళ్లాలి, నోటి దగ్గరికి రావాలి, నమలాలి, మింగాలి. ఈ కార్యక్రమానికని హైమావతి టీచర్‌ని కూడా పిలిపించారు. ఆవిడ ఒక మూల నిలబడి ఆ నమలడం చూసింది. కాసేపటికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున బడి తాళం తీస్తుంటే ఎర్రయ్యమ్మ వచ్చి నా ముందు నిలబడింది.

“స్టోరు తాళం ఇటియ్యండి బాబూ. ఇయేల నాను పొయ్యి ఎలిగిత్తాను.”

“ఎర్రయ్యమ్మా, ఉద్యోగం పోతుంది.”

“పోతే పోనీండి. నిన్న గాలి నమిలి మింగినారు, సూసినారా? ఆ పాపం సూసేక నాకు ముద్ద దిగనేదు. నానొండుతాను. ఏటి సేసుకుంటారో సేసుకోమనండి.”

తాళం ఇచ్చాను. అంతకంటే వీరత్వం నా దగ్గర లేదు.

పెద్ద అధికారి వచ్చారు. దండలయ్యాయి. పిల్లలతో పాటు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఎదురుగా అద్దాల పెట్టెలోంచి తీసిన ప్రామాణిక పళ్లెం. పిల్లలు చేతులు నోటి దగ్గరికి తీసుకువెళ్లి, నిన్న నేర్చుకున్నట్టే నమిలారు. “ఎక్సలెంట్,” అన్నారు ఆయన. “ఒక్క మెతుకు కింద పడలేదు.” తెల్లవారుజామున బయల్దేరి వచ్చిన మనిషి. ఆయన కడుపు మాత్రం పక్కవాళ్లకి వినపడేలా అరిచింది.

సరిగ్గా అప్పుడు వంటగదిలో పోపు వేగింది. ఇంగువా, ఎండుమిరపకాయలూ, కరివేపాకూ కలిసి హాల్లోకి వచ్చాయి. ముందు ఒకటో తరగతి వరస లేచింది. తరవాత అన్ని వరసలూ లేచాయి. పరాంకుశం గారు, “కార్యక్రమము ముగియలేదు! యథాస్థానములలో కూర్చుండవలెను!” అని అరుస్తూనే ఉన్నారు. వాళ్ల వెనకాలే పెద్ద అధికారి కూడా లేచి, చేతిలో ఖాళీ పళ్లెంతో వరసలో నిలబడ్డారు. సాంబారన్నం రెండుసార్లు వడ్డించుకున్నారు. మునక్కాడ పిప్పి అయ్యేదాకా నమిలారు. చేతులు కడుక్కుని, కారెక్కి వెళ్లిపోయారు.

మూడో రోజున ఎర్రయ్యమ్మకి మెమో వచ్చింది. పాఠశాల ఆవరణలో అనుమతి లేకుండా నిప్పు రాజేసినందుకు, నమోదు కాని ఆహారాన్ని పిల్లలకూ ఉన్నతాధికారులకూ పంపిణీ చేసినందుకు, ఉద్యోగంనుంచి ఎందుకు తొలగించకూడదో చెప్పాలని అందులో ఉంది.

విచారణకు పరాంకుశం గారే వచ్చారు. “సదరు ఆహారము యొక్క ఫోటో ఏదీ?” అన్నారు.

“తియ్యలేదండీ. ఆవిరి.”

“యాప్‌లో ఆ దినము ఏమి నమోదైనది?”

“ప్రామాణిక పళ్లెం. నూటికి నూరు.”

“సాక్షులు?”

“తిన్నవారందరూ సాక్షులే. మొదటి పేరు పెద్దసారుదే రాయనా అండీ?”

పరాంకుశం గారి కలం ఆగిపోయింది. గొంతు తగ్గించి, “ఫోటో లేని భోజనము భోజనముగా పరిగణింపబడదు. జరగని విషయముపై చర్య తీసుకొనుటకు వీలు లేదు,” అన్నారు. మెమో మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆ మాటే మాకు కావలసినది. మర్నాటినుంచి ఎర్రయ్యమ్మ రోజూ వండుతోంది, ఎందుకంటే ఆవిడ వండడం లేదు. పిల్లలు తింటున్నారు, ఎందుకంటే ఆ అన్నం ఎక్కడా లేదు. ప్రభుత్వం లెక్కలో ఉన్న భోజనం అద్దాల పెట్టెలో ఉంది. పప్పూ కూరగాయలూ ఊరివాళ్లు వంతులు వేసుకుని తెస్తున్నారు. గుడ్లకి మాత్రం ఇంకా దారి దొరకలేదు.

బియ్యం శాఖ ఊరుకుంటుందా? వచ్చి బస్తాలు చూసుకుంది. వండని బడిలో బియ్యం ఎలా తగ్గిందని అడిగింది. పరాంకుశం గారే ఈసారి కాపాడారు, తన మెడ కూడా అందులోనే ఉంది కాబట్టి. “పురుగులు తినినవని వ్రాయుడు,” అన్నారు. ముక్కుపురుగులు అని రాశాను. ఆ శాఖవారు తృప్తిపడి, నియమం ప్రకారం పురుగుల ఫోటో యాప్‌లో పెట్టమన్నారు.

హైమావతి టీచర్ అప్పటికి డెప్యుటేషన్ రద్దు చేయించుకుని మా బడికి వచ్చేసింది. విషయం విని ఆవిడ నవ్వింది. చాలా కాలానికి నవ్వింది. ఆ సాయంత్రమే పాత క్లే ముద్ద తీసి పిసికి, బియ్యపు గింజంత పురుగుల్ని చేసింది. సూదిమొనతో ముక్కులు లాగింది, వీపు మీద గీతలు పెట్టింది. నూటికి నూరు వచ్చింది. మిగిలిన పురుగుల్ని ఆడపిల్లలు చెవులకి పెట్టుకుంటామని ఎగబడితే, కాదనకుండా కమ్మలు చేసి ఇచ్చింది.

నెలలు గడిచాయి. పురుగులు ఏ రోజు ఎంత తిన్నాయో ఆ శాఖకి రోజూ లెక్క పంపుతూ వచ్చాను. నిన్న బియ్యం శాఖనుంచి ఉత్తరం వచ్చింది. ‘మీ పాఠశాల యందలి పురుగులు సోమవారం మొదలు శనివారం వరకు క్రమముగా తినుచున్నవి. ఆదివారములలోను, పండుగ సెలవులలోను ఏమియు తినుట లేదు. కారణము తెలుపవలెను.’

ఏం రాయాలో తోచక ఉత్తరం వంటగదిలోకి తీసుకువెళ్లి ఎర్రయ్యమ్మకి చదివి వినిపించాను. ఆవిడ బియ్యం కడుగుతూనే, “సోమారం సంగతి ఆలకి తెలీదేటి బాబూ?” అంది. “సోమారం నాడు రోజూ ఏసీదానికన్నా రెండు గిన్నెలు ఎక్కువెయ్యాల. నేకపోతే సాలదు.”

తిరిగి వచ్చి బల్ల ముందు కూర్చుని జవాబు రాశాను.

‘అయ్యా, ఆదివారాలలోనూ పండుగ సెలవులలోనూ మా పురుగులు ఇళ్లకు వెళ్లిపోతాయి. అక్కడ వాటికి తినడానికి ఏం దొరుకుతుందో మా దగ్గర వివరాలు లేవు. సోమవారం నాడు మాత్రం మిగతా రోజులకంటే ఎక్కువ తింటున్నట్టు గమనించాం. చిత్తగించవలెను.’